అంగడి రోజు, పత్తి రోజు, పాఠం రోజు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి యువతకు నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్ళు అడిగారు. చదువుకోండి, పైకి రండి అనే మాట మీరు ప్రతి సభలోనూ వింటారు. నేను అది చెప్పను. నేను చేసిన ఒక తప్పు చెప్తాను. దాని నుంచి నేర్చుకున్నది చెప్తాను.

2020 మార్చిలో కరోనాకు హాస్టళ్ళు మూసేశారు. పిల్లలు ట్రంకు పెట్టెలు పట్టుకుని గూడేలకు పోయారు. సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. ఒక్కో తరగతికి ఒక్కో టైం. ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అని మేము ఫోన్లు చేసి రాసుకునేవాళ్ళం.

మా హాస్టల్లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. పేరు చెప్పను. లెక్కల్లో ముందుండే పిల్ల. పదిహేను రోజులు వరుసగా నా రిజిస్టర్‌లో ఆమె పేరుకు ఎదురుగా ‘చూడలేదు’ అనే పడింది. ఒకరోజు వాళ్ళ నాన్న ఫోన్ ఎత్తాడు. గట్టిగానే అన్నాను: "బిడ్డ చదువు మీద ధ్యాస లేదా అన్నా? అరగంట టీవీ ముందు కూర్చోబెట్టలేవా?" ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "తప్పయింది మేడం" అని పెట్టేశాడు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ ఆదివారం ఒక టీచరును తోడు తీసుకుని ఆ గూడేనికి పోయాను. వాళ్ళింట్లో టీవీ లేదు. పక్కింట్లో ఉంది గాని రీచార్జి అయిపోయింది. ఇంటికంతా ఒకటే ఫోన్. అది నాన్న జేబులో చేనుకు పోతుంది. సిగ్నల్ గట్టు మీదికి ఎక్కితేనే వస్తుంది. అమ్మ కలుపు కూలికి పోతుంది. రేపు ఏ ఊరి చేనో ముందు రాత్రి చెప్తే గాని తెలియదు. పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకుని మేకలు చూసుకుంటోంది. టీవీలో పాఠం వచ్చే టైంకు ఆ ఇంట్లో ఎవరూ ఉండరు.

పిల్ల నోట్‌బుక్ తెచ్చి చూపించింది. ఏకచరరాశి సమీకరణాల లెక్కలు పుస్తకం చూసి తనే చేసుకుంది. మధ్యలో నాలుగు పేజీలు ఖాళీ. "ఇవి ఎవరన్నా చెప్తే రాస్త మేడం" అంది. తప్పయింది అనాల్సింది నేను. ఆ నాన్నకు అక్కడే చెప్పాను.

ఆ రోజు వాకిట్లో కూర్చుని కొత్త టైంటేబుల్ వేసుకున్నాం. ‘ఎన్ని గంటలకు?’ అని అడగడం మానేశాను. ‘దేని తర్వాత?’ అని అడిగాను. కూలి ఎక్కడైనా, పని ఏదైనా, రాత్రి బువ్వ తిన్నాక నాన్న, ఫోన్, పిల్ల ముగ్గురూ ఒకచోట ఉంటారు. అదే ఆమె బడి టైం అయింది. మరి గూడెంలో సిగ్నల్ లేదు కదా? వారానికొకసారి నాన్న అంగడికి పోతాడు. అక్కడ సిగ్నల్ బాగుంటుంది. యూట్యూబ్‌లో పెట్టిన పాఠాలు వారానికి సరిపడా అక్కడే డౌన్‌లోడ్ చేసుకు రావాలి. ఎట్ల చేయాలో ఆయనకు పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి నేర్పింది.

ఆ అమ్మాయి ఇంకో పని చేసింది. టీవీ మాస్టారు తెలుగులో చెప్పుకుంటూ పోతాడు, ఆగమంటే ఆగడు. ఈమె వీడియో ఆపి, గోండిలో విడమరిచి చెప్పింది. ఖాళీ పేజీలు నిండాయి. ఇది మనకు కొత్త కాదు. 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో ఉన్న కాలంలోనే గోండి వాచకాలతో మన పిల్లలకు చదువు మొదలైంది.

"నాకు చదువు రాదు, నేనేం చూడాలె?" అని అమ్మ అడిగింది. "ఈ రోజు ఏం నేర్చుకున్నవో మన మాటల్లో నాకు చెప్పు అని అడుగు చాలు అక్కా" అన్నాను. అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే పిల్లకు వచ్చినట్టే. పత్తి ఏరే రోజుల్లో కొత్త పాఠం వద్దు, రోజుకు ఐదు లెక్కలు చాలు అనుకున్నాం. దండారి రోజులు పూర్తిగా సెలవు. ముందే అనుకున్న సెలవు కాబట్టి, పండుగ అయ్యాక పిల్ల మళ్ళీ పుస్తకం పట్టింది.

అన్నీ ఇలాగే జరిగాయని చెప్పను. 2021లో హాస్టల్ మళ్ళీ తెరిచినప్పుడు కొన్ని మంచాలు ఖాళీగానే ఉన్నాయి. ఇద్దరమ్మాయిలకు పెళ్ళిళ్ళయిపోయాయి. ఒక అబ్బాయి కూలికి అలవాటుపడి రానన్నాడు. వాళ్ళ ఇళ్ళకు నేను ఫోన్లు మాత్రమే చేశాను. పోలేదు. ఆ బాధ నాకు ఉంది.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, కరోనా పోయింది గాని ఫోన్ పాఠం పోలేదు. సెలవుల్లో హోంవర్క్ వాట్సాప్‌లోనే వస్తుంది. జ్వరం వచ్చి ఇంటికి పోయిన పిల్లకు పాఠం ఫోన్‌లోనే. పత్తి కాలం, ఇప్పపువ్వు కాలం, తునికాకు కాలం ఎప్పటిలాగే ఉన్నాయి. వాటిని బడి గంట ఆపలేదు. వాటి మధ్య చదువుకు చోటు మనమే చూసుకోవాలి.

అందుకు మీరు కావాలి. మీ చేతిలో ఫోన్ ఉంది, తెలుగు వచ్చు, మన భాషా వచ్చు. ఒక్కొక్కరు మీ గూడెంలో ఒక్క పిల్లనో పిల్లగాణ్ణో పట్టుకోండి. వాళ్ళింటి వారం ఎలా నడుస్తుందో ముందు అడగండి. అంగడి రోజు పాఠాలు దింపి ఇవ్వండి. రాత్రి అరగంట పక్కన కూర్చోండి. బడికి రాని పిల్లను బద్ధకం అనకండి, నోట్‌బుక్ తెమ్మనండి.

జల్, జంగల్, జమీన్ అని కొమురం భీం నిలబడ్డ గడ్డ మనది. ఆయన పేరు చెప్పుకునే మనం ఒక పిల్ల ఖాళీ పేజీ నింపడానికి అరగంట ఇవ్వలేమా? ఈ రోజు ఇంటికి పోయాక, మీ పక్కింటి పిల్ల ఏ తరగతో కనుక్కోండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.