డిగ్రీ ల్యాబులో మొదలయ్యే పరిశోధన

పట్టాల ప్రదానోత్సవంలో చేస్తున్న ఈ ప్రసంగం ఒక్క విషయానికే పరిమితమవుతుంది. పరిశోధన పీహెచ్‌డీలో చేరాకే మొదలవుతుందన్న నమ్మకం బనగానపల్లె వంటి ఊళ్లలో భౌతికశాస్త్రం చదివే పిల్లలకు చాలా నష్టం చేస్తున్నది.

విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో, కాంతి ఎంత కోణంలో మళ్లిందో కొలిచే స్పెక్ట్రోమీటరుతో గాజు పట్టకం కోణం కొలుస్తూ, రెండు పక్కలా సమానంగా లేని వివర్తన చారలను, అంటే కాంతి అంచుల దగ్గర వంగి పరచుకోవడం వల్ల ఏర్పడే వెలుగుచీకట్ల పట్టీలను గమనించారు. వాటిపై రాసిన వ్యాసం 1906 నవంబరులో లండన్ ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయ్యేనాటికి ఆయన వయసు 18 ఏళ్లు. అటువంటి స్పెక్ట్రోమీటరు ఇవాళ మన డిగ్రీ ల్యాబుల్లోనూ ఉంది. హైదరాబాదు నిజాం కళాశాలలో డిగ్రీ ముగించిన సూరి భగవంతం 1928లో, ఇరవయ్యేళ్లు నిండకముందే, కలకత్తాలో రామన్ దగ్గర చేరి, తరువాతి కాలంలో బెంగళూరు ఐఐఎస్‌సీకి డైరెక్టరయ్యారు. కళాశాలలు అనుసరించవలసినది ఈ రెండో దారినే, ఎందుకంటే ఒంటరిగా కొత్తదాన్ని పట్టుకోవడం ఏ కొందరికో సాధ్యం కాగా, గురువు పక్కన నిలబడి పని నేర్చుకోవడం అందరికీ సాధ్యమే.

ఇక్కడ బాధతో చెప్పవలసిన మాట ఒకటున్నది. ఈ వక్త ఏళ్ల తరబడి దిద్దిన ప్రాక్టికల్ రికార్డుల్లో లోలకం ప్రయోగానికి గురుత్వ త్వరణం దాదాపు ప్రతిసారీ సరిగ్గా 980 సెం.మీ./సె² అనే వచ్చింది, అంటే సీనియర్ల రికార్డు నుంచి ఎక్కింది. సెలవుల్లో మండుటెండలో మామిడితోటల్లో పనిచేసి ఫీజులు కట్టుకున్న బిడ్డలు ఇరవై ఊపులు లెక్కపెట్టడానికి బద్ధకించడమేమిటి నాయనా! చూసీ చూడనట్టు సంతకం పెట్టిన అధ్యాపకులదీ ఇందులో సమానమైన తప్పే. ఎత్తిరాసిన రీడింగులో రామన్ చూసిన చారలకు చోటు ఉండదు.

ఎత్తిరాతకు బదులు నిజంగా కొలవవలసిన పని మన ప్రాంతంలోనే ఉంది. గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, ఈ ప్రాంతమంతటా నాపరాళ్ల గనుల దుమ్ము ఉంది. ఆ దుమ్ము సౌర ఫలకం మీద పేరుకుని ఎంత కరెంటును హరిస్తుందో తెలుసుకోవడానికి రెండు చిన్న ఫలకాలు, ఒక మల్టీమీటరు, ఒక ఉష్ణమాపకం చాలు. ఒక ఫలకాన్ని రోజూ తుడిచి, రెండోదాన్ని అలాగే వదిలి, ఒకే వేళకు రెండింటి కొలతలూ తీసుకోవాలి. సిలికాన్ ఫలకం వేడెక్కితే వోల్టేజి తగ్గుతుంది కాబట్టి ఉష్ణోగ్రత కూడా రాయకపోతే, వేడి చేసిన నష్టాన్ని దుమ్ము ఖాతాలో వేసే ప్రమాదముంది. ఎండాకాలం నుంచి వానాకాలం దాకా రోజూ తీయవలసిన ఈ కొలతలు ఏ ఒక్క అధ్యాపకుడి వల్లా అయ్యేవి కావు, విద్యార్థులు వంతులు వేసుకుంటేనే అవుతాయి.

అందువల్ల అధ్యాపకులు తమ పరిశోధన ప్రశ్నను మొదటి సంవత్సరంలోనే విద్యార్థుల ముందు పెట్టాలి, పనిలో నిజంగా పాలుపంచుకున్నవారి పేర్లు వ్యాసంలో చేర్చాలి, తప్పిన రీడింగులను కూడా చెరిపివేయకుండా ఆ కొలతల పుస్తకాన్ని తరువాతి బ్యాచికి అప్పగించాలి.