సూరతున తెలుగువారి బ్రదుకు లెక్క

(సాంస్కృతిక సంఘ వార్షికోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగపాఠము)



నాలుగు తెలుగు కుటుంబములు చేరినచోట అమెరికా మాట రాక మానదు. ఒకరి కుమారునకో అల్లునకో అచ్చట ఇన్ని డాలర్లు వచ్చుచున్నవని వినగానే, వినువారు మనస్సులోనే వానిని రూపాయలుగా మార్చి ఆశ్చర్యపడుదురు. ఆ డాలర్లలో ఇంటి అద్దె కెంత పోవును, వైద్యపు బీమా కెంత పోవును అని అడుగువారు అరుదు. అచ్చటి పెక్కు ఊళ్ళలో కారు లేనివాడు పాలు కొని తెచ్చుకొనుటకైనను పరులపై ఆధారపడవలెను. కావున అచ్చట కారు విలాసము కాదు. అద్దెవలె తప్పని ఖర్చు. సంపాదనను ఒక ఊరి లెక్కతోను, ఖర్చును వేరొక ఊరి లెక్కతోను చూచుటయే ఈ పొరపాటునకు మూలము.

ఇట్టి పొరపాటే ఈ సూరతు విషయమునను జరుగుచున్నది. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరు ప్రాంతముల పల్లెలలో "సూరతు పోయినాడు" అన్న మాటకు "బాగుపడినాడు" అను అర్థము చాలకాలముగా నున్నది. పోయినవాడు నెలకెంత పంపుచున్నాడను ప్రశ్నయే కాని, అంత పంపుటకు ఎన్ని గంటలు నిలువబడుచున్నాడను ప్రశ్న లేదు. ఆ రెండవ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు విషయము.

సూరతునకును తెలుగుదేశమునకును వస్త్రమువలన గల పోలిక ప్రాచీనమైనది. ఆంగ్లవర్తకుల ఓడ 1608లో సూరతు రేవు చేరినది. 1611లో వారు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. రెండుచోట్లను వారిని ఆకర్షించిన వస్తువులలో నేతబట్ట ముఖ్యమైనది. కాలక్రమమున మచిలీపట్టణపు రేవు వైభవము తగ్గినది. సూరతు మాత్రము కృత్రిమపు పట్టును, పాలియెస్టరు నూలును చేపట్టి మరమగ్గములతో నిలిచినది. తెలంగాణపు పల్లెలలో చేమగ్గము చితికిపోయినప్పుడు అచ్చటి పద్మశాలీలు మరమగ్గము పెరిగిన ఊళ్ళ బాట పట్టిరి. షోలాపురము, భీవండి, సూరతు అట్టివి. నేడు లింబాయతు, ఉధనా ప్రాంతముల వీధులలో బతుకమ్మ పాట వినబడుటకు కారణ మిదియే.

మరమగ్గముల శాలను ఇచ్చటివారు "ఖాతా" యందురు. అందు ఒక విడత పని సాధారణముగా పండ్రెండు గంటలు. కొందరికి పగలు, కొందరికి రాత్రి. ఒక్కొక్క కార్మికుడు ఒకే పర్యాయము పెక్కు మగ్గములను కనిపెట్టి యుండవలెను. ఒకచోట పడుగుపోగు తెగును. దానిని ముడివేయునంతలో వేరొకచోట పేక అయిపోవును. అతడు మగ్గముల నడుమ అటునిటు తిరుగుచునే యుండును. ఆ చప్పుడులో మాట వినబడదు, సైగలే భాష. ఏండ్లు గడచినకొలది చెవులు మందగించును.

కూలి నెలజీతము కాదు. నేసిన మీటర్లను బట్టి వచ్చును. మగ్గము చెడినను, విద్యుత్తు ఆగినను, బజారున గిరాకి తగ్గినను మీటర్లు తగ్గును; వానితోపాటు కూలియు తగ్గును. అతనికి సెలవు దినమనగా కూలి లేని దినమే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటల పరిమితిని, అదనపు పనికి రెట్టింపు వేతనమును నిర్దేశించెను. కాని చిన్నచిన్న శాలలుగా విడివడియున్న ఈ పరిశ్రమలో ఆ నియమము అన్ని గడపలను దాటి లోపలికి పోలేదు.

ఇక ఖర్చు మాట. ఇరుకు గదికి అద్దె మొదట పోవును. ఊరిలోని తల్లిదండ్రులకు పంపునది తరువాతిది. పిల్లల చదువు, మందులు, బియ్యము మిగిలిన దానిలో సర్దుకొనవలెను. గోధుమరొట్టెయు బెల్లము వేసిన పప్పును తినువారి నడుమ బియ్యమును చింతపండును వెదకుకొని వండుకొనుట తెలుగు ఇల్లాలి నిత్యకృత్యము. ఆ యిల్లాలు కేవలము వంటయింటికి పరిమితము కాదు. చీరలకు అంచులు కుట్టుట, రాళ్ళు అంటించుట, దారపు కొసలు కత్తిరించుట మొదలగు పనులను పెక్కుమంది స్త్రీలు ఇంటనే చేయుదురు. ఈ పనికి చీర కింత యని ముట్టును. భర్త మీటర్లు, భార్య చీరలు కలిసిననే నెల గడచును.

రాకపోకల ఖర్చును రూకలలోనే లెక్కించుట చాలదు. పండ్రెండు గంటలు నిలిచినవానికి త్రోవలో పోవు ప్రతి గంటయు నిద్రలోనుండి తీసినదే. అందువలన శాలకు దగ్గరగా నున్న గది ఎంత ఇరుకైనను అతడు దానినే కోరును. నగరమున 2014 నుండి ప్రత్యేక మార్గములలో నడచు బస్సులు వచ్చినవి. పలువురు కలిసి పోవు ఆటోలును కలవు. అయినను అతనికి సైకిలును కాళ్ళును నమ్మదగినవి. స్వగ్రామమునకు పోవలెనన్న నవజీవన్ ఎక్స్‌ప్రెస్ కలదు. తపతీ లోయమార్గమున జలగాము, భుసావలు మీదుగా సాగి వరంగల్లు చేరుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. ప్రభుత్వోద్యోగికి స్వస్థలమునకు పోవుటకు ప్రయాణరాయితీ కలదు, జీతముతో సెలవు కలదు. నేతగాడు టిక్కెట్టు ఖర్చునకు తోడు పోయిన కూలిని కూడ భరించి తల్లిని చూచి రావలెను.

ఈ నగరమునకు కష్టకాలములు తప్పలేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయముతో లక్షలమంది ఊరు విడిచిపోయిరి. మరుసటి యేడు నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు వీధులు శుభ్రపరచి నగరపు రూపు మార్చిరి. 2006 ఆగస్టులో తపతీ వరదనీరు ఇండ్లలోనికి వచ్చినది. 2020లో కోవిడు మగ్గములను ఆపినది. ఒక్కొక్క పర్యాయము మీటర్లు ఆగినవి, అద్దె ఆగలేదు.

ఇప్పుడు ఈ సభలోని ఉద్యోగులు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. కేంద్రప్రభుత్వోద్యోగులకు కరువుభత్యము ఏటా జనవరి, జూలై నెలల నుండి సవరింపబడును. ఆ సవరణకు ఆధారము పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచిక. 2016 మూలసంవత్సరముగా గల ఆ సూచికకై దేశమున 88 కేంద్రములలో ధరలు సేకరింతురు. సూరతు వానిలో ఒకటి. అనగా ఈ నగరపు కార్మికుడు కొను బియ్యము, పప్పు, నూనె, చెల్లించు అద్దె మొదలగువాని ధరలు పెరిగినవని వ్రాసుకొని, ఆ లెక్కవలన ఉద్యోగికి భత్యము పెంచుచున్నారు. మీటరు లెక్కన పని చేయు నేతగాని కూలికి ఆ సూచికతో సాధారణముగా సంబంధము లేదు. అతని రేటు యజమానితో కుదిరిన బేరము. కొలత అతని సంచిది. పెంపు వేరొకరి జీతమునకు!

ఇది ఈ దేశపు వింతయే కాదు. అమెరికాలో వృద్ధులకిచ్చు సాంఘిక భద్రతా పింఛను 1975 నుండి తనంతట తానే ధరలననుసరించి పెరుగుచున్నది. అచ్చటను ఆధారము పట్టణపు కూలివారు, గుమాస్తాల వినియోగ ధరల సూచికయే. కాని సమాఖ్య ప్రభుత్వపు కనీసవేతనము గంటకు 7.25 డాలర్లు, 2009 జూలై నుండి అది మారలేదు. కొన్ని రాష్ట్రములు తమంతట తాము హెచ్చు వేతనము నిర్ణయించుకొన్నవి. తక్కినచోట్ల ఆ పాత యంకెయే నిలిచినది. ఏ దేశమునందైనను కూలివాని సంచిని తూచుట సులభము. దానిని నింపుటయే కష్టము.

కరువుభత్యము తీసికొనుట తప్పని ఎవ్వరును అనరు; అది న్యాయమైన హక్కు. కాని ఆ హక్కు ఎవరి సంచి కొలతపై నిలిచినదో ఎరిగినవానికి ఒక ఋణముండును. దానిని తీర్చుటకు పెద్ద ధనమక్కరలేదు. ఆహారభద్రతా చట్టము క్రింద స్వరాష్ట్రమున పొందిన రేషనుకార్డుతో ఇచ్చటను బియ్యము గోధుమలు తీసికొనవచ్చునను సంగతి ఎరుగని కుటుంబము లుండవచ్చును. 2021లో ఆరంభమైన ఈ-శ్రమ్ నమోదు ఎట్లు చేయవలెనో తెలియనివారుందురు. దినమంతయు కాగితములతో పనిచేయు ఉద్యోగికి ఆ దరఖాస్తులు నింపుట అరగంట పని. నేతగానికి అది ఒక దినపు కూలి.

మరియొక కర్తవ్యము భాషకు సంబంధించినది. సూరతు నగర ప్రాథమిక విద్యాసమితి గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఆంగ్లము, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమమునను పాఠశాలలు నడపుచున్నది. పరరాష్ట్రపు నగరము తన కూలివారి పిల్లలకు వారి తల్లిభాషలో ఓనమాలు దిద్దించుచున్నది. బదిలీపై వచ్చి పోవు ఉద్యోగుల సంతానము సామాన్యముగా ఆ బడుల త్రోవ త్రొక్కదు. అందుచేత సూరతున తెలుగు చదువును నిలుపుచున్నది నేతగాని యిల్లే. ఆదివారము ఒక గంట, ఇంటనున్న బాలల పుస్తకములు నాలుగు, ఆ బడిపిల్లలకు చేరినచో ఈ సంఘము పేరిట జరుగు ఉత్సవమునకు అర్థము హెచ్చును.

ఈ సభకు వచ్చిన సోదరీమణుల చీరలలో సూరతు మగ్గము దిగినవి కొన్ని యుండక మానవు. వానిలో తెలుగు చేతులు ముడివేసిన పోగులును ఉండవచ్చును. ఇంటికి పోయి చీర మడత పెట్టునప్పుడు దాని వెలతోపాటు, ఆ మీటర్లు నేయుటకు పట్టిన గంటలు కూడ ఒక్కసారి జ్ఞప్తికి వచ్చిన చాలును.