మాట నిలిచిన చోటే జాతి నిలుస్తుంది

(ఆలయ వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

నేడు నేను చెప్పదలచిన నాలుగు మాటలు ముఖ్యంగా ఈ మిస్సిసాగాలోను, పరిసర నగరాలలోను పుట్టి పెరిగి, తెలుగును ఇంటిలోను ఈ ఆలయ ప్రాంగణంలోను మాత్రమే వింటూ వచ్చిన యువతీయువకులను ఉద్దేశించినవి.

స్వేచ్ఛ కోసం జరిగే పోరాటాలు జాతులను ఏ విధంగా తీర్చిదిద్దుతాయన్నది నాకు ఇచ్చిన అంశం. దీనికి దృష్టాంతం మన మధ్యనే ఉన్నది. ఈ మండపంలో ఒకే వరుసలో కూర్చుని తీర్థప్రసాదాలు స్వీకరించే కుటుంబాలలో కొన్ని ఆంధ్రప్రదేశ్ నుండి, మరికొన్ని తెలంగాణ నుండి వచ్చినవి. 2009 నుండి 2014 వరకు మీ ఇళ్ళలో, బంధువుల ఇళ్ళలో పెద్దల కంఠస్వరాలు హెచ్చడం మీలో కొందరు వినే ఉంటారు. భాష ఒకటే, కొలిచే దైవం ఒకడే, పండుగలు చాలావరకు ఒకటే. మరి తగవు దేనికి అన్న సందేహం మీకు కలిగి ఉంటుంది. అది న్యాయమైన సందేహం. దానిని తీర్చుకోవాలంటే నూరేళ్ళు వెనుకకు వెళ్ళాలి.

స్వాతంత్ర్యానికి పూర్వం తెలుగువారు ఒకే పాలన కింద లేరు. కోస్తా, రాయలసీమ జిల్లాలు బ్రిటిష్ వారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. తెలంగాణ జిల్లాలు నిజాం ఏలుబడిలో ఉండేవి. రెండు చోట్లా తెలుగు మాట్లాడేవారు లక్షలలో ఉన్నా, రెండు చోట్లా అది అధికారానికి దూరమైన భాషే.

1921లో హైదరాబాదులోని వివేకవర్ధినిలో ఒక సంఘసంస్కార సభ జరిగింది. ఇతరులు తమ తమ భాషలలో మాట్లాడిన తరువాత అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో ప్రసంగించబోగా సభికులలో కొందరు గేలి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు గారి వంటి పెద్దలు గ్రంథాలయాల ద్వారా, పాఠశాలల ద్వారా దానిని ఊరూరికీ చేర్చారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమైంది. తరువాతి కాలంలో అదే వేదిక వెట్టిచాకిరీని, భూస్వాముల దౌర్జన్యాన్ని ప్రశ్నించింది. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడంతో రైతాంగ పోరాటం సాయుధరూపం దాల్చింది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. భాషను గేలి చేసిన ఒక సాయంకాలం నుండి భూమికై జరిగిన యుద్ధం వరకు సాగిన ఈ ప్రయాణాన్ని గమనించండి. తన మాటను తాను గౌరవంగా పలకగలిగిన మనిషే తన హక్కును అడగగలుగుతాడు.

ఇక మద్రాసు వైపు 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ సమావేశమై, తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆలోచనకు ఊపిరి పోసింది. కచేరీలో ఇచ్చే ఉత్తరువును రైతు చదవగలగాలి, న్యాయస్థానంలో పేదవాడు తన గోడు తన భాషలో చెప్పుకోగలగాలి అన్నదే ఆ కోరికలోని సారం. నాలుగు దశాబ్దాల తరువాత, 1952 అక్టోబరు 19న, పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట నిరాహారదీక్ష ప్రారంభించారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణాలు విడిచారు. నాలుగు రోజులకే ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర నిర్మాణాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆయన కోరిన మద్రాసు నగరం మాత్రం అందులో చేరలేదు. భారతదేశ పటాన్ని భాషల ప్రాతిపదికపై తిరిగి గీయడానికి ఆ మరణమే దారితీసింది.

ఆలయ సభ్యులైన మీరు శ్రీరాములు గారిని గురించి మరొక విషయం కూడా తెలుసుకోవాలి. అంతకు ఆరేళ్ళ పూర్వం, 1946లో, ఆయన నెల్లూరులోని వేణుగోపాలస్వామి ఆలయంలో హరిజనులకు ప్రవేశం కల్పించాలని కూడా నిరాహారదీక్ష చేశారు. రాష్ట్రం కోరిన మనిషే ముందుగా గుడి తలుపు అందరికీ తెరవమన్నాడు. పరాయివారి నుండి స్వేచ్ఛ కోరేవాడు తన వారికి దానిని నిరాకరించరాదన్న ఈ వివేకం లేని పోరాటం ఎంత గొప్పదైనా సగమే.

ఇప్పుడు మీ సందేహానికి వస్తాను. పోరాటం గెలిచిన నాటి రాత్రి జాతి పుట్టదు. గెలిచినవారు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట మీద అది నిర్మాణమవుతుంది. మన చరిత్రలో అటువంటి మాటలు రెండు ఉన్నాయి. మొదటిది 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక. కోస్తా నాయకులు రాయలసీమవారికి నీటి విషయంలో ప్రాధాన్యం, రాజధాని లేక హైకోర్టులో ఒకదానిని ఎంచుకునే హక్కు ఇస్తామన్నారు. 1953లో కర్నూలు రాజధాని కావడం, 1954లో హైకోర్టు గుంటూరుకు వెళ్ళడం ఆ మాట ఫలితమే. అయితే మూడేళ్ళకే రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది.

రెండవది 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం. తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, ఆపైన అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతులవారు ఒప్పుకుంటే కలపవచ్చునని ఫజల్ అలీ కమిషన్ సూచించింది. నాయకులు అంతవరకు వేచి ఉండలేదు. ఉద్యోగాలలో, విద్యలో రక్షణలు కల్పిస్తామని, తెలంగాణ మిగులు ఆదాయాన్ని అక్కడే వెచ్చిస్తామని మాట ఇచ్చి నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌ను ఏర్పరచారు. ఆ మాట చెల్లలేదన్న ఆవేదనతో 1969లో జై తెలంగాణ ఉద్యమం లేచింది. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పగా అటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించింది. ఎవరి గాయం వారిది. ఇరువైపులా యువకులు ప్రాణాలు కోల్పోయారు. తగవు భాష గురించి కాదు. ఇచ్చిన మాటకు పూచీ ఎవరన్నదే ప్రశ్న.

మీరు పుట్టిన ఈ దేశానిదీ అదే కథ. తెలంగాణ రగిలిన 1969లోనే కెనడా ఆంగ్లానికి, ఫ్రెంచికి సమాన హోదా ఇస్తూ అధికార భాషల చట్టం చేసింది. 1995లో క్యూబెక్ విడిపోవాలా వద్దా అన్న ఓటింగులో ఐక్యతావాదులకు దక్కినది నూటికి 51 కంటె తక్కువే. అయినా కత్తులు దూసుకోలేదు. ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదని, కాని ప్రజలు స్పష్టమైన ప్రశ్నకు స్పష్టంగా అవునంటే చర్చలకు కూర్చోవలసిన బాధ్యత అందరికీ ఉన్నదని 1998లో సుప్రీంకోర్టు అభిప్రాయం చెప్పింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఈ నగరం పేరులోనే ఉన్నది. మిస్సిసాగాలు ఈ క్రెడిట్ నదీతీరాన జీవించిన ఆదివాసులు. 1805 నుండి 1820 వరకు జరిగిన ఒప్పందాలలో వారి భూములు దాదాపు అన్నీ చేజారాయి. 1847లో వారు ఈ నది విడిచి హేగర్స్‌విల్ వైపు తరలిపోయారు. పొరుగున ఉన్న టొరంటో భూముల కొనుగోలు 1787 నాటిది. దానిపై, మరొక భూభాగంపై వారి వాదనకు పరిహారంగా 2010లో ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లు చెల్లించింది. సరిగా చెల్లని మాట రెండు వందల ఏళ్ళు దాటినా బాకీగానే ఉంటుంది.

యువ మిత్రులారా, మీ తల్లిదండ్రులలో ఒకరి కథ మాత్రమే విని తీర్పు చెప్పకండి. ఆంధ్ర నుండి వచ్చినవారు ఒక తెలంగాణ తాతగారిని, తెలంగాణ నుండి వచ్చినవారు ఒక రాయలసీమ అమ్మమ్మగారిని అడిగి తెలుసుకోండి. తెలుగు చదవడం, రాయడం నేర్చుకోండి. గేలి భరించి, ఆకలి భరించి మనకు మిగిల్చిన ఆస్తి అది. రేపు ఈ సంఘం బాధ్యతలు మీ చేతికి వస్తాయి. ఎన్నికలో గెలిచినవారు ఓడినవారికి ఏ మాట ఇచ్చారో నియమావళిలో రాసుకోండి, రాసినది పాటించండి. సంఘమైనా, రాష్ట్రమైనా, దేశమైనా చీలకుండా నిలిచే ఉపాయం ఇంతకు మించి నాకు కనబడలేదు.

ఆ భగవంతుడు మీకు సత్యవాక్కును, దానిని నిలుపుకునే ధైర్యాన్ని ప్రసాదించుగాక. స్వస్తి.