బోదకాలు, మచ్చ, కొవ్వు కణం
(డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, పొందూరు)



సుబ్బారావుగారి పేరెత్తగానే అందరూ ఆరియోమైసిన్, ఫోలిక్ యాసిడ్ తలుచుకుంటారు. ఉత్తరాంధ్రకు ఆయన చేసిన మేలు వేరే మందులో ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిస్తున్న రోజుల్లోనే డై ఇథైల్ కార్బమజైన్ తయారైంది. 1947లో ప్యూర్టోరికోలో బోద రోగులకు ఇచ్చి చూశారు. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ బిళ్ల అదే.

ఆ బిళ్ల ముఖ్యంగా రక్తంలో తిరిగే బోద పురుగు పిల్లల్ని చంపుతుంది. అప్పటికే బిరుసెక్కిన కాలిని మాత్రం మెత్తబరచలేదు. పురుగు పోయినా కాలు ఎందుకు తగ్గదు? జవాబులో సగం చర్మం కింది కొవ్వులో ఉంది.

వాచిన కాలి మీద బొటనవేలితో గట్టిగా నొక్కి కాసేపు అలాగే ఉంచండి. వేలు తీశాక గుంట పడితే లోపల ఇంకా నీరు ఉంది, తొలి దశలో అయితే రాత్రి కాలు ఎత్తి పెట్టుకుంటే తెల్లారేసరికి తగ్గుతుంది. గుంట పడకపోతే అది నీటివాపు దశ దాటింది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చేతులు వాచిన స్త్రీలకు స్వీడన్‌లో బ్రోర్సన్ అనే సర్జన్ లైపోసక్షన్ చేస్తే, గుంట పడని చేతుల్లోంచి వచ్చింది ఎక్కువగా కొవ్వే. ఆ చేతుల వాపుకూ బోదకాలి వాపుకూ మూలం ఒకటే, లింఫు అనే ఒంటి నీరు పారక నిలవ ఉండటం. ఎలుకల్లో లింఫు నాళాలు కారితే కొవ్వు పెరుగుతుందని 2005లో తేలింది. నిలవ ఉన్నచోట వాపు కణాలు చేరతాయి, టీజీఎఫ్-బీటా అనే సంకేతం పుడుతుంది, కొల్లాజెన్ అనే గట్టి పోగులు పేరుకుంటాయి.

మామూలు మచ్చలో కథ తిరగబడుతుంది. అక్కడ కొవ్వు పెరగదు, మాయమవుతుంది. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇక్కడే. కొవ్వు కణమంటే నూనె నింపుకుని కూర్చున్న సోమరి అనుకునేవాళ్లం. 2020లో యేల్ విశ్వవిద్యాలయంలో వాలరీ హార్స్‌లీ బృందం ఎలుకల గాయాల్లో చూసింది వేరు. గాయమైన ఒకటి రెండు రోజుల్లోనే చుట్టుపక్కల కొవ్వు కణాలు తమ నూనెను కరిగించి వదులుతాయి. రక్షణ కణాలు రావడానికి అది సాయపడుతుంది. నూనె ఖాళీ అయిన కణాల్లో కొన్ని గాయంలోకి నడిచి, కొల్లాజెన్ అల్లే మయోఫైబ్రోబ్లాస్టుల్లా మారతాయి. ఆ నూనె కరగకుండా ఆపితే గాయం సరిగా మానలేదు. కనక కొవ్వు కణాన్ని దోషిగా నిలబెట్టడం అన్యాయం. మానిపించే పనిలో దానికీ పాలుంది. పని ముగిశాక ఆగకపోవడంతోనే చిక్కు.

ఆగని కొల్లాజెన్ ఎలా ఉంటుందో ఈ మగ్గాల ఊరికి విడమరచి చెప్పనక్కర్లేదు. ఆరోగ్యమైన చర్మంలో పోగులు పడుగూ పేకా కలిసినట్టు అటూ ఇటూ అల్లుకుంటాయి. మచ్చలో పేక లేదు, అంతా పడుగే. కాలిన చెయ్యి మానాక మచ్చ బిగుసుకుని వేళ్లు వంకరపోతాయి. స్క్లెరోడెర్మా అనే జబ్బులోనూ చర్మం బిగిసేచోట కింది కొవ్వు పొర పలచబడుతుంది.

వెనక్కి తిప్పగలమా? 2017లో ప్లికస్, కోట్సరెలిస్ అనే పరిశోధకుల బృందాలు ఎలుకల పెద్ద గాయాల్లో కొత్తగా మొలిచిన వెంట్రుక కుదుళ్ల చుట్టూ మయోఫైబ్రోబ్లాస్టులు కొవ్వు కణాలుగా మారడం చూశాయి. కుదుళ్లు పంపే బీఎంపీ సంకేతమే కారణం. మనుషుల కీలాయిడ్ (ఉబ్బిన మచ్చ) కణాల్నీ ప్రయోగశాలలో అలా మార్చగలిగారు. ఇది ఇంకా మందుగా రాలేదు. మచ్చ పోగొడతామని క్రీములు అమ్మేవాళ్లు ఈ పరిశోధన పేరు చెబితే నమ్మకండి.

అంతవరకూ మన చేతిలో ఉన్నది నీళ్లూ సబ్బూ. బోదకాలు ముదరడానికి పెద్ద కారణం మాటిమాటికీ వచ్చే చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం. ఆ జ్వరపు దాడికి దారి కాలివేళ్ల సందుల్లోని పగుళ్లు. దాడి వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం గట్టిపడుతుంది. రోజూ మంచి నీళ్లతో, సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య గుడ్డతో ఒత్తి ఆరబెట్టాలి. పాసిపోయినచోట డాక్టరు ఇచ్చిన మందు రాయాలి. గుంట మగ్గం మీద కూర్చునేవారికి ఒక మాట. తొక్కుడు చెక్కలు నొక్కేటప్పుడు చీలమండ ఆడుతుంది, అది మంచిదే. కాలు రోజంతా వేలాడటమే చేటు. నడుమ నడుమ లేచి, పీట మీద కాలు ఎత్తి పెట్టుకోండి.

దేశం 2027 నాటికి బోదవ్యాధిని నిర్మూలించాలని గడువు పెట్టుకుంది. మీ ఇంటికి బిళ్లలు పంచడానికి వస్తే డబ్బాలో దాచకండి. ఏదైనా తిన్నాక, వాళ్ల ఎదుటే మింగండి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడ్డవారికి మాత్రం ఆ బిళ్ల ఇవ్వరు.