పీలికల బొంత

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా బిడ్డ కాన్పుకొస్తుందంటే అమ్మ ముందుగా పాత చీరల మూట విప్పుతుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరను మించిన పక్క పసి ఒంటికి మరొకటి లేదని నా నమ్మకం.

మన బొంత మామూలుగా చీర మీద చీర పరిచి కుట్టేది. పైపొరను పీలికలతో అతికితే దాని అందమే వేరు. రంగులకు మనకేం కొదవ? పోచంపల్లి ఇక్కత్, నారాయణపేట గళ్లు, గద్వాల అంచులు! దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్లు ముక్కలు అతికి, పైన అద్దాలు, గవ్వలు కుట్టే తీరు కూడా ఒకసారి చూడండి.

ముందు బట్టలు నానబెట్టి ఆరేయండి. దిగే రంగు అప్పుడే దిగిపోవాలి. తరువాత రెండున్నర అంగుళాల వెడల్పు, ఆరడుగుల పొడవున పీలికలు కత్తిరించండి. రెండు పక్కలా పావంగుళం చొప్పున కుట్టులో పోగా రెండంగుళాలు మిగులుతుంది. అంటే 24 పీలికలకు నాలుగడుగుల వెడల్పు వస్తుంది.

ఒక్క జాగ్రత్త. అన్ని కుట్లూ ఒకే కొస నుంచి మొదలుపెడితే పొర విల్లులా వంగుతుంది. ఒకటి ఈ కొస నుంచి, తరువాతిది ఆ కొస నుంచి వేయండి.

అడుగున ఒక చీర, నడుమ రెండు మడతలు, పైన పీలికల పొర. పెద్ద సూదితో నడిమధ్య నుంచి అంచులకు, చీమల బారులా కుట్టుకుంటూ రండి. అప్పుడు ముడతలు పడవు.

ఉతకడానికి మాత్రం ఎండ బాగా కాసే రోజు చూసుకోండి. తడిసిన బొంతను చెరో కొసా పట్టుకుని ఇద్దరు పిండాల్సిందే.