సుల్తానా కలలో మనకు నచ్చినవి, నచ్చనివి

(మన్ననూర్‌లో మహిళా కార్యకర్తలు కలిసి చదువుకున్న రెండు రోజుల ముగింపులో చేసిన ప్రసంగ పాఠం)



రెండు రోజులుగా మనం ఒకే రచయిత్రి గురించి మాట్లాడుకుంటున్నాం. ఎవరికి ఏది నచ్చిందో వాళ్ళు చెప్పారు. చివర్లో మాట్లాడే పని నాకు అప్పజెప్పారు కనుక మీ మాటలకు నా మాట కలిపి చెప్తాను.

రొకేయా సఖావత్ హుస్సేన్ 1880లో రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. ఆమెను బడికి పంపలేదు. రాత్రి అందరూ పడుకున్నాక అన్న ఇంగ్లీషు నేర్పాడు. ఆ ఇంగ్లీషులోనే ఆమె రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఆ పత్రికను 1901లో మొదలుపెట్టి నడిపింది మన రాజమండ్రిలో పుట్టిన కమలా సత్యనాథన్. సైన్స్ ఫిక్షన్ అంటే మగవాళ్ళ సరుకు, అదీ విదేశీ సరుకు అనుకునేవాళ్ళకు ఈ సంగతి ఒక్కటి చెబితే చాలు. విమానం ఎగిరి అప్పటికి రెండేళ్ళే. ఈమె కథలో ఆడవాళ్ళు గాలిబండ్లలో తిరుగుతుంటారు.

కథ అందరం చదివాం. స్త్రీల రాజ్యంలో రెండు విశ్వవిద్యాలయాలు. ఒకదానిలో మబ్బుల నుంచి నీళ్ళు దించుకునే యంత్రం కనిపెడతారు, రెండో దానిలో ఎండవేడిని పోగుచేసి దాచుకునే పద్ధతి. సైన్యం పెంచుకోవడంలో మునిగిన మగవాళ్ళు వీళ్ళను చూసి నవ్వుతారు. యుద్ధంలో ఆ సైన్యం చిత్తయినప్పుడు ప్రిన్సిపాల్ రెండు వేల మంది విద్యార్థినులతో వెళ్ళి, దాచిన ఎండను శత్రువు మీదికి మళ్ళిస్తుంది. యుద్ధానికి ముందు లోపలికి వెళ్ళిన మగవాళ్ళు లోపలే ఉండిపోతారు. వంట వాళ్ళది, పిల్లల పెంపకం వాళ్ళది.

మనలో ఎక్కువమందికి నచ్చింది యుద్ధం కాదు, వంటిల్లు. పొగ లేదు, బొగ్గు లేదు, ఎండవేడితో వంట. నిన్న ఒక అంగన్‌వాడీ టీచర్ ఆ భాగం చదువుతూ ఆగిపోయి, "పుల్లల మోపు దించి ఈ కత రాసినట్టుంది" అన్నది. రొకేయా డిప్యూటీ మేజిస్ట్రేట్ భార్య, మోపు మోసి ఉండదు. అయినా సైన్సు మొదట ఏ గదిలోకి రావాలో ఆమెకు తెలిసింది.

ఇక నచ్చనిది. అప్పాపూర్ వైపు పెంట నుంచి వచ్చిన చెంచు అక్క అడిగిన ప్రశ్నకు మనమెవరం సరిగా జవాబు చెప్పలేదు. "మొగోళ్ళను లోపల పెట్టనీకి మాది ఒక్క గుడిసె. ఏ లోపల పెట్టాలె?" అందరం నవ్వాం. కానీ అది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. పరదా అనేది గదులున్న ఇళ్ళ బాధ. గడ్డలు తవ్వడానికి, బంక ఏరడానికి అడవిలోకి వెళ్ళే మనిషికి గోడ వేరేచోట ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్ళయినవాళ్ళకు భార్యాభర్తలిద్దరి పేరునా పట్టా ఇవ్వాలంటుంది. పట్టాలో పేరున్నా, ఆ కాగితం పెట్టె తాళం ఎవరి దగ్గరుంది అని కూడా ఆమే అడిగింది. రొకేయా రాజ్యంలో దేశమంతా తోటే. ఆ తోటకు ముందు అక్కడ ఎవరుండేవారో కథ చెప్పదు.

నల్లమలలో ఇది ఊహ కాదు. 2019లో ఈ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోనే 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం వెతకాలన్నారు. అదీ సైన్సు పేరుతోనే. ఊళ్ళూ పెంటలూ లేచాయి. సెప్టెంబరులో శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది. రొకేయా కథలో రాణి, కోహినూరుకు వెయ్యి రెట్లు మెరిసే వజ్రమైనా సరే, దాని కోసం కొట్లాడం అంటుంది. ఇక్కడివాళ్ళు ఆ మాట చదవకుండానే ఆ పని చేశారు.

హాస్టల్ నడిపే చెల్లెలు 'పద్మరాగ్' ఎంచుకున్నది. 1924 నాటి ఆ బెంగాలీ నవలలో అన్ని మతాల ఆడవాళ్ళూ కలిసి బతికే తారిణీ భవన్ ఉంది. బడి, పని నేర్చుకునే చోటు, రోగులకు చోటు అన్నీ ఒకేచోట. కథానాయిక చివరికి భర్తతో వెళ్ళదు. "మా హాస్టల్‌కొచ్చే తల్లులకు చెబితే నమ్మరు" అన్నది ఆమె. నమ్మకపోయినా చెప్పమ్మా.

నాకు మాత్రం 1931లో వచ్చిన 'అవరోధ్‌బాసిని' అన్నిటికన్నా పెద్దది. పరదా మీద నలభై ఏడు చిన్న ఉదంతాలు. ఒకదానిలో బురఖా చిక్కుకుని ఒకావిడ రైలు పట్టాల మీద పడుతుంది. పరాయి మగవాడు ముట్టుకోకూడదని పనిమనిషి అరుస్తుంది. అరగంట ఆగిన రైలు చివరికి కదులుతుంది. రొకేయా ఎక్కడా గొంతు పెంచదు. మన రిపోర్టులు రాసేవాళ్ళు ఆ పొదుపు చూసి నేర్చుకోవాలి. మనం ఒక కేసు రాయడానికి నాలుగు పేజీలు ఆవేశపడతాం, ఆ మనిషికి ఏమైందో మాత్రం దొరకదు.

ఆమె రాసి ఊరుకోలేదని గుర్తు చేస్తున్నాను. 1909లో భాగల్పూర్‌లో అయిదుగురు పిల్లలతో బడి పెట్టింది. అక్కడ నిలవనివ్వకపోతే 1911లో కలకత్తాలో ఎనిమిది మందితో మళ్ళీ మొదలుపెట్టింది. 1932లో చనిపోయేదాకా నడిపింది.

'సుల్తానాస్ డ్రీమ్' సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటంలో ఉంది. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తలా రెండు పేజీలు తెలుగులో చెప్పుకుంటూ రాయండి. వచ్చే కూడికకు పెంటల్లో చదివి వినిపిద్దాం. ఆ అక్క ప్రశ్న కూడా చివర రాసి పెట్టండి. శ్రీశైలం వైపు వెళ్ళేవాళ్ళు చెక్‌పోస్టు మూయకముందే బయలుదేరాలి, కనుక ఇక్కడ ఆపుతున్నాను.