చెఱసాలలో ధ్యానము

(ఒక పఠనమందిర సభయందు గావించిన యుపన్యాసము)



నేటి సాయంకాలము మేము ప్రస్తావింపబూనిన విషయము కొందఱికి వింతగా దోచవచ్చును. శిక్షపడిన ఖైదీలచే పది దినములు మౌనము పట్టించి, బౌద్ధసంప్రదాయమునుండి వచ్చిన విపశ్యనాధ్యానమును అభ్యసింపజేయుట యుక్తమా, కాదా యన్నదే ప్రశ్న. మన నెల్లూరికి చేరువను చెముడుగుంటకడ కారాగారమున్నదని మనమందఱము నెఱుగుదుము. ఆ గోడలలోపల మనుష్యుల మనస్సు లేమగుచున్నవో తెలిసికొనగోరువారు అరుదు. తప్పుచేసినవాడు లోపలబడినాడు గదా, ఇక మనము నిశ్చింతగా నిద్రింపవచ్చునని తలంతుము. కాని లోపలబోయినవారిలో నెక్కువమంది యొకనాడు వెలుపలికి వత్తురు. మన వీధులలోనే కాపురముందురు. ఆనాడు వా రెట్టి మనస్సుతో వత్తురన్నది మనకును సంబంధించిన విషయమే.

ముందుగా విపశ్యన యననేమో చెప్పవలెను. ఉన్నదాని నున్నట్లు చూచుటయే దాని యర్థము. సాధకుడు తెల్లవాఱుజామున 4 గంటలకు లేచును. చంపను, దొంగిలను, బొంకను, వ్యభిచరింపను, మత్తుపదార్థము ముట్టను అని పంచశీలములను స్వీకరించును. తొమ్మిది దినములు మాటలేదు, పుస్తకములేదు, కలములేదు. మొదటి మూడు దినములు ముక్కుపుటములకడ వచ్చిపోవు శ్వాసను మాత్రము గమనించును. నాలవదినము మొదలు శిరస్సునుండి పాదములవఱకు దేహమున బుట్టి నశించు సుఖదుఃఖస్పర్శలను, దేనిని కోరక, దేనిని ద్వేషింపక, చూచుచుండును. దినమునకు సుమారు పదిగంటలు ఇట్లు కూర్చుండవలెను. కడపటిదినమున మౌనము విడిచి, సకలప్రాణులకును మేలుకోరును.

దీనివలన ఖైదీకేమి లాభము? కోపము వచ్చినవానిని చూడుడు. వాడు చేయెత్తుటకు ముందే వాని శ్వాస మాఱును; ఒడలు వేడెక్కును; గుండె వేగముగా కొట్టుకొనును. ఆ క్షణమున దానిని గుర్తింపనేర్చినవానికి, చేయెత్తుటకును మానుటకును నడుమ కొంత వ్యవధి దొరకును. ఎన్నో హత్యలు ఆ వ్యవధి లేకపోవుటచేతనే జరుగుచున్నవి.

ఈ మార్గమును మన దేశమునకు మరల దెచ్చినవారు సత్యనారాయణ గోయెంకాగారు. 1924లో బర్మాదేశపు మాండలే నగరమున బుట్టిన వర్తకులు. వారి గురువగు ఊ బా ఖిన్ సన్న్యాసి కాడు; స్వతంత్ర బర్మాప్రభుత్వమున అకౌంటెంటు జనరలుగా పనిచేసిన గృహస్థుడు. తెలుగుతీరమునుండి పొట్టకూటికై రంగూనునకు బోయినవా రెందఱో కలరు; రంగూనునుండి గోయెంకాగారు 1969లో తెచ్చిన సొమ్ము ఇది. 1976లో ఇగత్పురియందును, మన హైదరాబాదుచెంత వనస్థలిపురముకడను ధ్యానకేంద్రము లేర్పడినవి. గోయెంకాగారు 2013లో కాలధర్మము నొందిరి.

చెఱసాలలో ఈ సాధన ప్రారంభమైనది 1975లో, జయపురపు కేంద్రకారాగారమున. రాజస్థాను ప్రభుత్వమున హోముశాఖ కార్యదర్శిగా నుండిన రామ్‌సింగుగారు దీనిని తలపెట్టిరి. ఆ దినమున కొందఱు ఖైదీలను కాళ్లకు సంకెళ్లతో, చేతులకు బేడీలతో తెచ్చి కూర్చుండబెట్టిరట. సంకెళ్లలో నున్నవారికి తాము ధర్మము బోధింపజాలమని గోయెంకాగారు పట్టుబట్టిరి. అధికారులు భద్రతమాట చెప్పిరి, వాదోపవాదములు జరిగినవి, తుదకు సంకెళ్లు విప్పిరి. భయపడిన యుపద్రవ మేదియు జరుగలేదు.

ఈ వృత్తాంతము వినినప్పుడు మాకు కర్నూలుసీమలోని ఎఱ్ఱగుడి బండలు జ్ఞప్తికి వచ్చినవి. అశోకచక్రవర్తి చతుర్దశ శిలాశాసనములు మన తెలుగునేలమీద ఆ బండలపై చెక్కబడియున్నవి. వానిలో నైదవ శాసనము ధర్మమహామాత్రులను గూర్చినది. చెఱలోనున్నవారికి తోడ్పడుటయు, వారి బంధనములు విప్పించుటయు, బిడ్డలుగలవారిని వృద్ధులను విడిపింపజూచుటయు వారి విధులలో చేర్చబడినవి. 2200 సంవత్సరములకు పైబడిన మాట యిది. కాగా ఖైదీని మనుష్యునిగా జూచుట పరదేశమునుండి దెచ్చుకొన్న వేడుక కాదు; మన బండలమీదనే వ్రాసియున్నది.

ఐతే జయపురమునుండి మఱియొక పాఠమును నేర్వవలెను. 1977లో మఱియొక శిబిరము జరిగినపిమ్మట ఆ ప్రయత్నము చాలకాలము చల్లబడెను. ఒక మంచి యధికారి యున్నంతకాలము దీపము వెలుగును. ఆయన బదిలీయైనంతనే ఆఱిపోవును. 1993లో కిరణ్‌బేడీగారు ఢిల్లీ తీహారు చెఱసాలల కధిపతియైన తరువాత అచట శిబిరములు నడచినవి. 1994 ఏప్రిలులో ఒకేశిబిరమున వేయిమందికి పైగా ఖైదీలు కూర్చుండిరి. ఆ సంవత్సరమే చెఱలోపలనే శాశ్వతకేంద్ర మేర్పడెను. వ్యక్తి పోయినను పని నిలుచుటకు మార్గ మిదియే.

ఇక ఆక్షేపణలు. మొదటిది మతమునుగూర్చి. మా హిందూ, ముసల్మాను, క్రైస్తవ ఖైదీలను బౌద్ధులను జేయుదురా యని యడుగువారున్నారు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున డొనాల్డ్‌సన్ కారాగారమందు 2002లో శిబిరము జరిగినపుడు ఈ శంకయే పుట్టి, పని కొంతకాలము నిలిచిపోయి, మరల సాగినది. శంకను మేము తృణీకరింపము. శ్వాసకు మతములేదన్నమాట నిజమే. కాని చెఱలో నున్నవాడు నిస్సహాయుడు. అధికారి కనుసన్న యాతనికి ఆజ్ఞయే. కావున ఇష్టపడినవానినే చేర్చవలెను. చేరనివానికి ఏ సౌకర్యమును తగ్గింపరాదు. చేరినవానికి శిక్షాకాలమున తగ్గింపు నాశచూపరాదు. ఆశచూపినచో కన్నులు మూసికొని కూర్చుండు నటకులు బయలుదేఱుదురు.

రెండవ యాక్షేపణ బాధితుల పక్షమునుండి వచ్చును. కుమారుని పోగొట్టుకొన్న తల్లి, హంతకునికి మనశ్శాంతి యెందులకని యడిగిన, ఆమెకు మనము తలవంచవలసినదే. కాని తన మనస్సు నెదురుగా జూచుకొనువానికి మొదట దొరకునది శాంతి కాదు, తాను చేసినపని. అంగుళిమాలుడు భిక్షువైన పిదపను ప్రజలు రువ్విన ఱాళ్లదెబ్బలు తినెననియు, దానిని కర్మఫలముగా సహింపుమని బుద్ధభగవానుడు చెప్పెననియు బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి. ధ్యానము శిక్షను రద్దుచేయదు.

కొందఱు, పుట్టుకతో దొంగయైనవాడు మాఱునా యందురు. ఈ మాట మన తీరమున ననరాదు. మన కావలియందే, పరప్రభుత్వమువారు నేరస్థజాతులని ముద్రవేసిన ఎఱుకలవారిని, అమెరికను మిషనువారి యాజమాన్యమున సెటిల్మెంటులో నుంచిరి. తల్లిగర్భమునుండియే నేరస్థుడను ఆ చట్టము 1952లో గాని రద్దుకాలేదు. చట్టము పోయినను చూపు పోలేదు. మనుష్యుడు మాఱడను నమ్మకమే ఆ చట్టమునకు మూలము. మాఱగలడను నమ్మకమే ఈ సాధనకు మూలము.

మా మనస్సును మిక్కిలి బాధించు విషయము మఱియొకటి కలదు. 2022 సంవత్సరాంతమున దేశపు చెఱసాలలలో నుండిన 5 లక్షల 73 వేల మందిలో 4 లక్షల 34 వేలమంది విచారణఖైదీలే. అనగా నూటికి సుమారు డెబ్బదియాఱుగురికి ఇంకను నేరము ఋజువుకాలేదు. ఏనాడు కోర్టువాయిదా వచ్చునో తెలియనివాడు పది దినముల శిబిరమున నెట్లు కూర్చుండగలడు? జామీనుకు పూచీయిచ్చు దిక్కులేక మగ్గుచున్నవానితో, శ్వాస చూచుకొమ్మని మాత్రము చెప్పి మనము చేతులు దులుపుకొన్నచో అది పాపము. అతనికి ముందుగా కావలసినది వకీలు. ధ్యానము న్యాయమునకు ప్రత్యామ్నాయము కారాదు.

నేరమును వ్యాధివలెను, చెఱసాలను ఆసుపత్రివలెను చూడవలెనని గాంధీమహాత్ముడు బోధించెను. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘మాలపల్లి’ని చెఱలోనే వ్రాసిరి. దేశభక్తులకు చెఱ తపోవనమైనదని మనము గర్వముతో జెప్పుకొందుము. చదువును, సంకల్పమును వెంటదీసికొనిపోయిన వారికది సాధ్యమైనది. ఏమియు లేక పోయిన నిరుపేద ఖైదీకి అట్టి యవకాశము నెవరిత్తురు?

కావున మేము కోరునవి మూడు. మన కారాగారమున ఇష్టపడిన ఖైదీలకు శిబిరము నడుపుటకు అనుమతింపుడని ప్రభుత్వమునకు ఈ సభ విజ్ఞప్తి చేయవలెను. ఖైదీలకంటె ముందుగా చెఱయుద్యోగులు కొందఱు ఆ పది దినములు కూర్చుండివచ్చునట్లు చూడవలెను. కావలివాడు కోపము మానకున్న ఖైదీ కోపము మానడు. మన పట్టణపు వకీళ్లు, విచారణఖైదీలలో దిక్కులేనివారి జామీనుపని చూచుటకు నెలకొక దినము కేటాయింపవలెను. ఈ మూడవది జరుగనిచో మొదటి రెండును శోభింపవు.

గోడ కీవలనున్న మనము నిర్దోషులమని మేము చెప్పజాలము.